డయాలసిస్ మిషన్ లేని వార్డులో మా పాప కిడ్నీలు మళ్ళీ పనిచేశాయి: నా అనుభవం

మా పాపకు నాలుగేళ్లు, బరువు 14 కిలోలు. మొన్న ఆగస్టులో వాంతులు, విరేచనాలతో మొదలై రెండు కిడ్నీలూ పనిచేయడం మానేసేదాకా వచ్చింది. మేం ఉన్న ఆసుపత్రిలో డయాలసిస్ మిషన్ లేదు, కిడ్నీ డాక్టర్ లేరు, పిల్లల ఐసీయూ కూడా లేదు. అయినా పాప కోలుకుంది. ఆ రోజుల్లో ఎవరినైనా అడుగుదామంటే ఇలాంటిది దాటి వచ్చినవాళ్లు నాకు ఒక్కరూ దొరకలేదు. అందుకే ఏ రోజు ఏం జరిగిందో, దేనికోసం ఎంతసేపు ఎదురుచూశామో, డబ్బు ఎక్కడ ఖర్చయిందో గుర్తున్నంత వరకు రాస్తున్నాను.

ఆగస్టు 8, శుక్రవారం మధ్యాహ్నం వాంతులు మొదలయ్యాయి. సాయంత్రానికి నీళ్ల విరేచనాలు. ఓఆర్ఎస్ కలిపి చెంచాతో పట్టిస్తూనే ఉన్నాం కానీ తాగినదానికంటే పోయేదే ఎక్కువగా ఉంది. శనివారం క్లినిక్‌లో చూపిస్తే జింక్ మందు రాసి, ఓఆర్ఎస్ ఆపొద్దన్నారు. ఆదివారం మధ్యాహ్నానికి పాప కళ్లు లోపలికి పోయాయి. ఏడుస్తోంది గానీ కన్నీళ్లు రావడం లేదు. అరికాళ్లు చల్లగా అయిపోయాయి. రాత్రి ఎనిమిదింటికి ఆసుపత్రికి చేరాం.

ఎమర్జెన్సీలో చేతికి సూది పెట్టబోతే నరం దొరకలేదు. చివరికి పాదం దగ్గర దొరికింది. సెలైన్ వేగంగా ఎక్కించారు. అర్ధరాత్రి దాటాక కాళ్లు వెచ్చబడ్డాయి. కళ్లు తెరిచి "అమ్మా, ఇంటికెళ్దాం" అంది. అత్తయ్య దేవుడికి దండం పెట్టుకున్నారు. గండం గడిచిందనే మేమంతా అనుకున్నాం.

సోమవారం పొద్దున రౌండ్స్‌కి వచ్చిన పిల్లల డాక్టర్‌గారు పాప పొట్ట నొక్కి చూసి, నన్ను మొదట అడిగిన మాట: "పాప మూత్రం ఎప్పుడు పోసిందమ్మా?" నీళ్ల విరేచనాలతో డైపర్ ఎప్పుడూ తడిగానే ఉంటోంది, అందులో ఏది ఎంతో చెప్పలేకపోయాను. ఆయన వెంటనే మూత్రానికి ట్యూబ్ పెట్టించారు. చెంచాడు ముదురు రంగు మూత్రం వచ్చి ఆగిపోయింది. ఎండిపోయిన పిల్లలకు నీళ్లు పడ్డాక కొన్ని గంటల్లో మూత్రం రావాలట. గంటకు కిలోకి కనీసం అర మిల్లీలీటరు లెక్క. అంటే మా పాపకు గంటకు 7 మి.లీ. ఆరు గంటలు చూస్తే బ్యాగులో మొత్తం 4 మి.లీ. ఉంది.

మధ్యాహ్నం మరో విడత సెలైన్ పెట్టి, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందేమోనని మాటిమాటికీ స్టెతస్కోప్ పెట్టి విన్నారు. తర్వాత లాసిక్స్ ఇంజెక్షన్ ఒక్కటి ఇచ్చారు. మూత్రం రాలేదు. ఇంకోటి ఇవ్వండని మావారు బతిమాలారు. "అది కిడ్నీని బాగుచెయ్యదండీ, పనిచేసే కిడ్నీ చేత ఎక్కువ పోయిస్తుంది అంతే. స్పందన లేనప్పుడు మళ్ళీ మళ్ళీ ఇస్తే చెవులకే ముప్పు" అన్నారు డాక్టర్‌గారు. ఆ మాట అప్పుడు మాకు మింగుడుపడలేదు. ఒక ఇంజెక్షన్‌తో పోయేదాన్ని ఈయన ఆపుతున్నారేమో అనిపించింది.

ఆ సాయంత్రమే ఇంట్లో వాడిన మందుల సీసాలన్నీ తెమ్మన్నారు. జింక్, జ్వరం సిరప్, అంతకుముందు నెల దగ్గుకు తెచ్చిన సీసా, అన్నీ తెచ్చాం. ఒక్కో లేబుల్ చదివి పక్కన పెట్టారు. 2022లో గాంబియాలో సుమారు 70 మంది పిల్లలు కలుషితమైన సిరప్‌ల వల్ల ఇలాగే మూత్రం ఆగిపోయి చనిపోయారని, అదే ఏడాది ఇండోనేసియాలో 200 దాకా పిల్లలు పోయారని చెప్పారు. డైఇథిలిన్ గ్లైకాల్, ఇథిలిన్ గ్లైకాల్ అనే విషాలట. నాకు ఒళ్లు జలదరించింది. పసరు మందులేమైనా పోశారా, నొప్పికి ఐబుప్రొఫెన్ వేశారా, ఎక్కడైనా జెంటామైసిన్ లాంటి ఇంజెక్షన్ చేయించారా అని కూడా అడిగారు. ఏదీ లేదు. విరేచనాల్లో రక్తం లేదు, ప్లేట్‌లెట్లు మామూలుగానే ఉన్నాయి. ఒంట్లో నీరు బాగా పోవడంతో కిడ్నీలకు రక్తం సరిగా అందక దెబ్బతిన్నాయన్నారు. "ఈ రకం దెబ్బైతే చాలామంది పిల్లల్లో కిడ్నీలు తిరిగొస్తాయి. అవి తిరిగొచ్చేదాకా పాపను నిలబెట్టుకోవడమే మన పని" అన్నారు. ఆ తర్వాత వారమంతా ఈ మాటే పట్టుకుని ఉన్నాను.

కిడ్నీలు బయటికి పంపాల్సిన మలినం క్రియాటినిన్. రక్తంలో అది పెరిగేకొద్దీ కిడ్నీలు పనిచేయనట్టు లెక్క. సోమవారం 3.2 ఉంది. నాలుగేళ్ల పిల్లకు అర దరిదాపుల్లో ఉండాలట. మంగళవారం 4.9. బుధవారం 6.4.

ఇక పరీక్షల సంగతి. క్రియాటినిన్ ఆసుపత్రిలోనే చేస్తారు, కానీ మధ్యాహ్నం పన్నెండు లోపు శాంపిల్ ఇవ్వాలి. కిడ్నీలు ఆగితే రక్తంలో పెరిగి గుండెకు ముప్పు తెచ్చేది పొటాషియం. అది చూసే మిషన్ ఉంది గానీ దానికి కావలసిన కిట్లు అయిపోయి చాలా రోజులైందన్నారు. బయటి ల్యాబ్‌కు మావారే శాంపిల్ పట్టుకెళ్లారు. వెళ్లి, రిపోర్టు పట్టుకుని రావడానికి సగం రోజు పట్టింది. తీరా చూస్తే "రక్తం విరిగిపోయింది, మళ్ళీ ఇవ్వండి" అని రాసుంది. సన్న సూదితో బలవంతంగా లాగిన రక్తం, పైగా దారిలో కుదుపులు. ఎర్రకణాలు పగిలితే వాటిలోని పొటాషియం బయటికొచ్చి లేని ఎక్కువ చూపిస్తుందట. రెండోసారి ట్యూబ్‌ను నిటారుగా చేత్తో పట్టుకుని, కుదుపు లేకుండా తీసుకెళ్లమని చెప్పారు. ఇలాంటిది ఎవరికైనా వస్తే ఈ ఒక్క విషయం ముందే అడగండి. మాకు ఒక రోజు అలా పోయింది.

బుధవారం తెల్లవారేసరికి పాప ఊపిరి లోతుగా, వేగంగా తీస్తోంది. ముఖం ఉబ్బింది, బరువు కిలో పైగా పెరిగింది. బీపీ బాగానే ఉందని రాత్రి రాసుకున్నారు. డాక్టర్‌గారు కఫ్ చూసి, అది పెద్దవాళ్లదని, పిల్లల చేతికి వదులుగా ఉంటే బీపీ తక్కువ చూపిస్తుందని వేరే వార్డు నుంచి చిన్న కఫ్ తెప్పించారు. దాంతో చూస్తే ఎక్కువే ఉంది. రిపోర్టు కోసం ఆగకుండా ఈసీజీ తీశారు. ఐదు నిమిషాల్లో కాగితం చేతికొచ్చింది. గీతల్లో ఒకచోట కోసుగా లేచిన శిఖరాలు చూపించి, పొటాషియం గుండె మీద పనిచేస్తోందని చెప్పారు. మధ్యాహ్నం వచ్చిన రిపోర్టులో 6.9 ఉంది.

ఆ ఉదయం నాకు ముక్కలు ముక్కలుగానే గుర్తుంది. కాల్షియం గ్లూకోనేట్ నెమ్మదిగా ఎక్కిస్తూ డాక్టర్‌గారు చెవికి స్టెతస్కోప్ పెట్టుకునే ఉన్నారు. సిస్టర్ నెబ్యులైజర్ పట్టుకుంది. ఉబ్బసానికి వాడే మందే పొటాషియాన్ని తాత్కాలికంగా కణాల్లోకి తోస్తుందట. గ్లూకోజ్‌తో కలిపి ఇన్సులిన్ కూడా ఇచ్చారు, షుగర్ పడిపోకుండా గంటగంటకూ వేలి నుంచి చుక్క తీసి చూశారు. "ఇవన్నీ కొన్ని గంటలు కొనిపెడతాయి. పొటాషియం ఒంట్లోంచి బయటికి పోవాలంటే డయాలసిస్ చెయ్యాలి" అన్నారు.

పెద్ద ఆసుపత్రికి ఆయనే నా ఎదురుగా ఫోన్ చేశారు. నలభై నిమిషాలు అటూ ఇటూ మాట్లాడించారు. మిషన్లు ఉన్నాయి గానీ ఇంత చిన్నపిల్లలకు సరిపోయే ఫిల్టర్, ట్యూబులు లేవని చివరికి తేల్చారు. పాప ఒంట్లో ఉండేదే లీటరు పైచిలుకు రక్తమని, అందులో పదో వంతుకు మించి ఒకేసారి మిషన్‌లోకి వెళ్తే తట్టుకోలేదని డాక్టర్‌గారు మాకు వివరించారు. దారిలో గుండె ఆగే ప్రమాదం కూడా ఉందన్నారు. ఆ తర్వాత అన్న మాట: "ఇక్కడే పొట్ట డయాలసిస్ చేద్దాం. నేను నేర్చుకున్నాను, చేశాను కూడా."

పొట్ట లోపల పేగుల చుట్టూ పల్చటి పొర ఉంటుంది, దాన్నే జల్లెడగా వాడుకుంటామన్నారు. బొడ్డు కింద చిన్న ట్యూబ్ పెట్టి, లెక్క ప్రకారం కలిపిన ద్రవం లోపలికి వదులుతారు. అరగంట ఉంచితే రక్తంలోని మలినాలు, పొటాషియం, ఎక్కువైన నీరు ఆ ద్రవంలోకి వస్తాయి. దాన్ని బయటికి తీసేసి మళ్ళీ కొత్తది వదులుతారు. మిషన్ అక్కర్లేదు, కరెంటు కూడా అక్కర్లేదు. ఇంత మామూలు సామాన్లతో అయ్యే పనా అని నాకు నమ్మకం కలగలేదు. మావారు సంతకం పెట్టేటప్పుడు చెయ్యి వణికింది.

పిల్లల సైజు ట్యూబ్ ఆసుపత్రిలో లేదు. పొద్దున పదకొండుకు చీటీ రాసిచ్చారు. మావారు, మరిది చెరో దిక్కూ వెళ్లి సర్జికల్ షాపులన్నీ తిరిగారు. రాత్రి తొమ్మిది దాటాక దొరికింది. పాప ఊపిరి లెక్కపెడుతూ ఆ పది గంటలూ మంచం పక్కనే నిలబడ్డాను. మధ్యలో కాల్షియం మరోసారి ఇవ్వాల్సి వచ్చింది. పిల్లల సైజు ట్యూబ్ ఇక దొరకదంటే ముక్కు ద్వారా వేసే ట్యూబుకు రంధ్రాలు చేసి వాడాలని కూడా డాక్టర్‌గారు సిద్ధమయ్యారు. అలా చేయడం కూడా ఉందట.

రాత్రి పదింటికి మత్తు ఇచ్చి ట్యూబ్ పెట్టారు. నన్ను బయట ఉంచారు, అరగంటలో పిలిచారు. మొదట బయటికి వచ్చిన ద్రవం లేత గులాబీ రంగులో ఉంది. నేను కెవ్వుమన్నాను. ట్యూబ్ పెట్టినప్పుడు కాస్త రక్తం కలుస్తుంది, రెండు మూడుసార్లకు తేటపడుతుందని సిస్టర్ భుజం పట్టుకుని చెప్పింది. తేటపడింది.

రెడీమేడ్ డయాలసిస్ ద్రవం బ్యాగులు అక్కడ లేవు. రింగర్ లాక్టేట్ అనే సెలైన్ లీటరు బాటిల్‌లోకి 50 శాతం డెక్స్‌ట్రోజ్ 30 మి.లీ. కలిపారు. దాంతో చక్కెర శాతం ఒకటిన్నర దాకా వస్తుందట. ట్యూబ్‌లో గడ్డకట్టకుండా కొంచెం హెపారిన్. రింగర్‌లో కాస్త పొటాషియం ఉంటుంది కాబట్టి అది నెమ్మదిగా దిగుతుందని, అయినా దిగుతుందని చెప్పారు. కొనే బ్యాగులు దొరకనిచోట ఇలా కలుపుకోవచ్చని అంతర్జాతీయ మార్గదర్శకాల్లోనే ఉందని ఫోన్‌లో తెరిచి చూపించారు. కలిపేటప్పుడు గ్లవ్స్, మాస్కు వేసుకుని, బాటిల్ మూతి స్పిరిట్‌తో తుడిచి, ఒక్కరే చేసేవారు. ఆ సమయంలో పక్కన ఎవరినీ మాట్లాడనిచ్చేవారు కాదు. ద్రవం చల్లగా పోతే పాప ఒళ్లు చల్లబడుతుంది, పొట్ట నొప్పి. అందుకని అప్పుడే పుట్టిన పిల్లల వార్మర్ ఒకటి ఖాళీగా ఉంటే, బాటిళ్లు దాని కింద పెట్టి గోరువెచ్చగా చేసేవారు.

గంటకో విడత. పది నిమిషాలు లోపలికి, ముప్పై నిమిషాలు పొట్టలో, ఇరవై నిమిషాలు బయటికి. మొదట కిలోకి 10 చొప్పున 140 మి.లీ. పెట్టారు, మర్నాడు సాయంత్రం నుంచి 280. రాత్రిపూట వార్డు మొత్తానికి ఇద్దరు సిస్టర్లు. ఒకరు పూర్తిగా మా మంచం దగ్గరే ఉంటే మిగతా పిల్లల సంగతి ఎవరు చూస్తారు? అందుకని టైము చూడడం, రాయడం నాకు అప్పగించారు. ట్యూబు, క్లాంపులు నేను ముట్టుకోకూడదు, అది సిస్టర్ పనే. నా పని ఫోన్‌లో అలారం పెట్టి పిలవడం, కొలత జాడీలో గీత చూసి కాగితం మీద రాయడం.

ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది. నాలుగు గడులు: టైము, లోపలికి, బయటికి, తేడా. మొదటి విడత లోపలికి 140, బయటికి 115. రెండోది 140, 130. పాప పొట్టలో నీళ్లు మిగిలిపోతున్నాయని నా గుండె దడదడలాడింది. మొదట్లో కొంత లోపలే ఉండిపోతుందన్నారు. మూడోది 140, 160. ఆ 20 ఎక్కువ వచ్చిందంటే పాప ఒంట్లో చేరిన నీరు 20 మి.లీ. బయటికి వచ్చినట్టు. తేడా గడిలో దాని చుట్టూ సున్నా చుట్టాను. తెల్లారేసరికి అలాంటి సున్నాలు వరసగా వచ్చాయి. గురువారం మధ్యాహ్నానికి ఊపిరి వేగం తగ్గింది. పొటాషియం 5.8. ఈసీజీలో ఆ కోసు శిఖరాలు లేవు. ముఖం మీద ఉబ్బు తగ్గి మా పాప మళ్ళీ మా పాపలా కనిపించింది.

అన్నిటికంటే కష్టమైనది దాహం. మూత్రం లేనప్పుడు తాగే ప్రతి చుక్కా ఒంట్లోనే ఉండిపోతుంది. ముందు రోజు పోసినదానికి, చెమటలో, ఊపిరిలో పోయేదానికి సరిపడా మాత్రమే ఇవ్వాలి. మా పాపకు అది రోజంతటికీ పావు లీటరు. మందులు కలిపే నీళ్లు కూడా అందులోనే లెక్క. పొద్దున్నే ఒక గ్లాసులో కొలిచి పెట్టుకుని 5 మి.లీ. సిరంజితో ఇచ్చేదాన్ని. "అమ్మా నీళ్లు, కొంచెమే" అని అడుగుతూ నిద్రపోయేది, లేవగానే మళ్ళీ అదే మాట. పెదాలకు తడి దూది అద్దేదాన్ని, అది చప్పరించేది. పక్క మంచం పిల్ల సీసాతో నీళ్లు తాగుతుంటే పాప చూపు అటే ఉండేది. అత్తయ్య చూడలేక వరండాలోకి వెళ్లి కూర్చునేవారు. చూడడానికి వచ్చిన చుట్టాలు ప్రేమకొద్దీ పళ్ల రసాలు, అరటిపండ్లు తెచ్చారు. రెండిట్లోనూ పొటాషియం ఉంటుంది. వాటిని వార్డులోకి రానివ్వకుండా మావారు గుమ్మం దగ్గరే ఆపేసేవారు. కొందరికి కోపం వచ్చింది. ఇలాంటప్పుడు ఇంట్లో ఒక్కరు కచ్చితంగా కాపలా ఉండాలి, ఎవరేమనుకున్నా సరే.

తిండి విషయంలో మాత్రం నేను అనుకున్నదానికి తలకిందులు. కిడ్నీ జబ్బంటే పత్యం పెడతారనుకున్నాను. పొట్ట డయాలసిస్‌లో ప్రొటీన్ కొంత ద్రవంతో పోతుంది కాబట్టి తినగలిగినంత పెట్టమన్నారు. చిక్కగా, తక్కువ నీళ్లతో, కొంచెం కొంచెంగా పెట్టాను. ద్రవంలోని చక్కెర ఒంటికి పడుతుంది గనక షుగర్ పరీక్ష కూడా చేస్తూ ఉండేవారు. యాంటిబయాటిక్ డోసు కిడ్నీలకు తగ్గట్టు మార్చారు. జ్వరం వస్తే పారాసిటమాల్ తప్ప ఇంకేదీ వద్దన్నారు.

శుక్రవారం రాత్రి రెండింటికి ద్రవం బయటికి రావడం ఆగిపోయింది. 280 లోపలికి వెళ్లింది, బయటికి 60. పాప పొట్ట బిగుసుకుని ఏడుస్తోంది. సిస్టర్ పాపను ఎడమకు, కుడికి తిప్పింది, తల వైపు కాస్త ఎత్తింది. ట్యూబ్ ఎక్కడా మెలిక పడలేదు. డాక్టర్‌గారు డ్యూటీ గదిలోనే పడుకునేవారు, లేచి వచ్చారు. సిరంజితో నెమ్మదిగా ఫ్లష్ చేస్తే తెల్లటి పోగుల్లాంటివి వచ్చాయి. ఇన్ఫెక్షన్ వచ్చిందా అని నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. శాంపిల్ ల్యాబ్‌కు పంపి మైక్రోస్కోప్ కింద తెల్లకణాలు లెక్కపెట్టించారు. ఒక మైక్రోలీటర్‌లో 100 దాటితే అనుమానించాలట, మా పాపకు చాలా తక్కువ ఉన్నాయి. అవి రక్తం గడ్డకట్టేటప్పుడు ఏర్పడే ఫిబ్రిన్ పోగులే. హెపారిన్‌తో దారి తెరుచుకుంది. నాలుగింటి విడతలో 350 వచ్చింది. ఆ రాత్రి నుంచి ద్రవం తేటగా ఉందో లేదో చూడడం కూడా నా పనిలో చేర్చుకున్నాను. బ్యాగు వెనక ముద్రించిన కాగితం పెట్టి, అక్షరాలు చదవగలిగితే తేటగా ఉన్నట్టని సిస్టర్ నేర్పింది.

ఈ గట్టి ట్యూబ్ మూడు రోజులకు మించి ఉంచకూడదట, ఇన్ఫెక్షన్ ముప్పు పెరుగుతుంది. అంటే శనివారం రాత్రి పదింటికి గడువు. శుక్రవారం రోజంతా కలిపి మూత్రం 10 మి.లీ. కూడా లేదు. రాకపోతే ఇది తీసేసి కొత్త ట్యూబ్ ఇంకోచోట పెట్టాలన్నారు. మావారు మళ్ళీ వెళ్లి ఇంకో ట్యూబ్ కొనుక్కొచ్చారు.

శనివారం మధ్యాహ్నం సిస్టర్ యూరిన్ బ్యాగు చూసి ఏమీ అనకుండా నన్ను పిలిచి వేలితో చూపించింది. 18 మి.లీ. లేత పసుపు రంగు. నాకు చూపు మసకబారింది. సాయంత్రానికి 60 అయింది. క్రియాటినిన్ 4.4, పొటాషియం 4.6. డాక్టర్‌గారు రాత్రి ట్యూబ్ తీసేశారు. కొత్త ట్యూబ్ సీల్ విప్పకుండా మంచం పక్కనే పెట్టమన్నారు.

ఆదివారం క్రియాటినిన్ మళ్ళీ 4.7కి పెరిగింది. డయాలసిస్ ఆపితే ఒకటి రెండు రోజులు అలా పెరగడం ఉంటుంది, మూత్రం పెరుగుతోంది కదా అని ఆయన ధైర్యం చెప్పినా ఆ రోజు టెన్షన్ మామూలుగా లేదు. సోమవారం 4.5. బుధవారానికి 2.6. మూత్రం ఇప్పుడు వద్దన్నా ఆగడం లేదు. ఒక రోజు రెండు లీటర్లు దాటింది. కోలుకుంటున్న కిడ్నీకి నీళ్లను పట్టి ఉంచే శక్తి ఇంకా రాదట. మొన్నటిదాకా చుక్క చుక్క లెక్కపెట్టిన నేను ఇప్పుడు రాత్రి నిద్రలేపి నీళ్లు పట్టించాలి! పొటాషియం ఈసారి 3.1కి పడిపోయింది, దానికి సిరప్ ఇచ్చారు. వద్దన్న అరటిపండే ఇప్పుడు పెట్టమన్నారు. మూత్రం రాగానే అయిపోయిందనుకుని ఇంటికి తొందరపడే తల్లిదండ్రులకు ఇది గట్టిగా చెప్పాలి. ఈ నాలుగైదు రోజులు కూడా ప్రమాదమే. రోజూ ఒకే తూకం మీద, ఒకే రకం బట్టల్లో బరువు చూడాలి. మూత్రం ట్యూబ్ తీసేశాక డైపర్‌ను వాడకముందు, వాడాక తూచి మూత్రం లెక్క రాశాం. ఒక గ్రాము ఒక మిల్లీలీటరు కింద లెక్క.

ఆగస్టు 23న క్రియాటినిన్ 1.1తో డిశ్చార్జ్ చేశారు. సీల్ విప్పని ఆ ట్యూబ్‌ను వార్డులోనే ఇచ్చి వచ్చాం. ఇంకో బిడ్డకు పది గంటల వెతుకులాట తప్పుతుంది.

డబ్బు సంగతి. డయాలసిస్ అనగానే ఇల్లు అమ్ముకోవాలేమోనని భయపడ్డాం. సెలైన్ బాటిళ్లు, డెక్స్‌ట్రోజ్, హెపారిన్ ఆసుపత్రివే. ట్యూబులు రెండూ మేం కొన్నాం. అసలు ఖర్చు రోజూ బయటి ల్యాబ్‌లో చేయించిన పొటాషియం పరీక్షలది, వాటికోసం తిరిగిన ఆటోలది, మావారు పనికి వెళ్లకపోవడంతో పోయిన జీతానిది. మంచం పక్కన ఒకరు, బయట తిరగడానికి ఒకరు, ఇంట్లో పెద్దబాబును చూసుకోవడానికి ఒకరు, ముగ్గురు మనుషులు కావాలి. ఒక్క తల్లే పిల్లతో ఉంటే ఆ శాంపిల్ ఎవరు తీసుకెళ్తారు, ఆ ట్యూబ్ ఎవరు వెతుకుతారు? మా పక్క మంచంలో అలాంటి అమ్మ ఒకామె ఉండేది. మా మరిది వాళ్ల శాంపిళ్లు కూడా తీసుకెళ్లాడు.

తర్వాత తెలిసిన సంగతి ఒకటి. చికిత్స అందక ఇలా కిడ్నీలు ఆగిపోయి చనిపోయేవాళ్లు 2025 నాటికి ఒక్కరూ ఉండకూడదని అంతర్జాతీయ నెఫ్రాలజీ (కిడ్నీ వైద్యం) సంఘం 2013లోనే లక్ష్యం పెట్టుకుందట. మా వార్డులో ఒక డాక్టర్, ఇద్దరు సిస్టర్లు, రింగర్ బాటిళ్లతో ఆ పని చేసి చూపించారు. పొటాషియం కిట్లు, పిల్లల సైజు ట్యూబులు ఒక నాలుగు, చిన్న బీపీ కఫ్ ఒకటి ఆ అలమరలో ఉండి ఉంటే బుధవారం నాటి భయం అంతదాకా వచ్చేది కాదు. నాకు కోపం ఉన్నది దాని మీదే. మనుషులు చెయ్యాల్సింది చేశారు, ఉండాల్సిన చిన్న చిన్న వస్తువులే లేవు.

వారానికి క్రియాటినిన్ 0.7, నెలకు 0.5. మూడో నెల తప్పనిసరిగా రమ్మన్నారు, నవంబర్‌లో వెళ్లాం. బీపీ మామూలు, మూత్రంలో ప్రొటీన్ లేదు, ఎత్తు బరువు సరిగ్గా ఉన్నాయి. ఒకసారి ఇంత దెబ్బ తిన్న కిడ్నీలు ఏళ్ల తర్వాత మళ్ళీ ఇబ్బంది పెట్టే అవకాశం ఉంటుంది కాబట్టి ఏడాదికోసారి బీపీ, మూత్రం పరీక్ష మానకూడదన్నారు. డిశ్చార్జ్ కాగితాన్ని ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి ప్రతి డాక్టర్ దగ్గరికీ తీసుకెళ్తున్నాం. పైన ఎర్ర సిరాతో ఆయనే రాశారు: ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వద్దు, అమికాసిన్, జెంటామైసిన్ ఇవ్వాల్సి వస్తే ముందు క్రియాటినిన్ చూడాలి, విరేచనాలు పట్టుకుంటే మొదటి రోజే తీసుకురావాలి, మూత్రం ఎన్నిసార్లు పోసిందో రాసుకురావాలి. తర్వాతి పరీక్ష వచ్చే ఆగస్టులో.